రెండుసార్లు షూలు మార్చాక దొరికిన అసలు కారణం

కడియం నర్సరీల నుంచి రాజమండ్రికి మొక్కలు తోలే మా పాత వ్యాన్‌కు ఏడాదిలో రెండుసార్లు వెనక బ్రేక్ షూలు (చక్రంతో పాటు తిరిగే డ్రమ్మును లోపలి నుంచి నొక్కి ఆపేవి) మార్చాను. రెండుసార్లూ ఎడమవైపువే ముందు అయిపోయాయి. మొదట మార్చిన చోట "లోకల్ షూలండి, అందుకే" అన్నారు. నమ్మి ఖరీదైనవి వేయించాను. ఐదు నెలలకే మళ్ళీ గీరుతున్న చప్పుడు, ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన. వెనకాల నిండా కుండీలు, పక్క సీట్లో మా అబ్బాయి. ఆ రోజు చాలా భయమేసింది.

మర్నాడు ఓ పెద్దాయన షెడ్డుకు తీసుకెళ్ళాను. ఆయన వెంటనే డ్రమ్ములు విప్పలేదు. ముందు చక్రాలకు రాళ్ళు పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ దించి, వెనక రెండు చక్రాలూ జాకీల మీద లేపారు. కుడి చక్రం చేత్తో తోస్తే తేలిగ్గా తిరిగింది. ఎడమది అర చుట్టుకే ఆగిపోయింది. బ్రేక్ ఆయిల్ బయటకు వదిలే చిన్న మర, బ్లీడర్ నిపుల్, వదులు చేశారు. కాస్త ఆయిల్ కారిందే కానీ పట్టు వదల్లేదు. "ఇప్పుడు వదిలుంటే బ్రేక్ ఆయిల్ వచ్చే హోసో, పైపో చూడాలండి. ఇది కేబులే" అన్నారు. కిందకు దూరి హ్యాండ్ బ్రేక్ కేబుల్ వదులు చేయగానే చక్రం తిరిగింది!

అప్పుడు డ్రమ్ములు విప్పి, చక్రానికి రెండు చొప్పున షూలు నాలుగూ వరసగా పెట్టారు. కుడివైపు ముందు షూ, వెనక షూ కన్నా కొంచెం ఎక్కువ అరిగింది. అది మామూలేనట. బండి ముందుకు వెళ్ళేటప్పుడు తిరిగే డ్రమ్మే ముందు షూను తనవైపు లాక్కుంటుంది. ఎడమవైపు మాత్రం ముందుది లైనింగ్ (షూ మీద అరిగే పొర) అరిగి, దాన్ని పట్టి ఉంచే రివెట్ల దాకా వచ్చేసింది, వెనకదీ పల్చబడింది. ఒకే బండికి ఎడమకూ కుడికీ ఇంత తేడా ఉంటే షూలను తిట్టి లాభం లేదు. ఈ మాట నాకు ఏడాది ముందే ఎవరైనా చెప్పాల్సింది.

తడి కుండీల నీళ్ళు కిందకు కారి, చిట్లిన కేబుల్ తొడుగులోకి దిగి, లోపలి తీగ తుప్పు పట్టింది. నేను హ్యాండ్ బ్రేక్ లివర్ దించుతున్నాను, తీగ వెనక్కి రావడం లేదు. షూలు రోజంతా డ్రమ్ముకు ఆనుకునే ఉన్నాయి.

కొత్త కేబుల్, రెండువైపులా కొత్త షూలు వేశారు. ఎడమ డ్రమ్మును దాని మీద ఉన్న గరిష్ఠ వ్యాసం కొలత దాటకుండా లేత్ మెషీన్ మీద లోపల నున్నగా చెక్కించారు. నిపుల్ వదులు చేశారు కాబట్టి బ్రేక్ పైపుల్లో చేరిన ఎయిర్ కూడా తీశారు. మొదట షూలకూ డ్రమ్ముకూ మధ్య గ్యాప్ సెట్ చేసి, హ్యాండ్ బ్రేక్ చివర్లోనే బిగించారు. లోపలి దుమ్మును గాలి కొట్టకుండా నీళ్ళతో కడిగించడం నాకు నచ్చింది. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

ఇప్పుడు కుండీల కింద ట్రేలు పెడుతున్నాను. సాయంత్రం లోడు దించాక రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూస్తాను. ఆరు నెలలకు డ్రమ్ములు విప్పించాను. రెండువైపులా ముందు షూలు ఒకేలా అరిగాయి.