మెడ పట్టేసినప్పుడు ఆస్టియోపతి

కండరాలను, కీళ్లను చేతులతోనే సరిచేసే ఆస్టియోపతి చికిత్స తీసుకున్నానని చెబితే చాలు, "ఎముకలు టక్కుమనిపించారా?" అని అడుగుతారు. కీలులోని ద్రవం మీద ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, వాయువుతో నిండిన చిన్న ఖాళీ ఏర్పడినప్పుడు ఆ శబ్దం వస్తుంది. ఎముక చోటు మారిందనడానికి అది గుర్తు కాదు. నా మెడ బాగుపడినన్నాళ్లూ ఆ శబ్దమే వినపడలేదు.

నేను ప్రూఫులు దిద్దుతాను, రోజంతా తల వంచే ఉంటుంది. మెడ కుడివైపు తిరగనని మొరాయించాక ఆస్టియోపాత్ దగ్గరికి వెళ్లాను. చెయ్యి వేసే ముందు ఆమె చాలాసేపు ప్రశ్నలే అడిగారు: జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, చేతుల్లో తిమ్మిరి, మూత్రం మీద అదుపు తప్పడం. వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరుకు చూపించాలన్నారు. ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

తర్వాత వేళ్ల కొసలతో వెన్ను పొడవునా తడిమారు. కండరం ఎక్కడ గట్టిపడింది, కుడి ఎడమలకు తేడా ఉందా, ఏ కీలు ఎంతవరకు కదులుతోంది, ఎక్కడ నొక్కితే నొప్పి, ఇవీ వెతికేవి. మెడతో పాటు వీపు పైభాగం కూడా బిగుసుకుపోయి ఉందని తేలింది.

చికిత్స ఇలా సాగింది. తలను కుడికి తిరిగినంతవరకు తిప్పి ఆపారు. తన అరచేతిని నా ఎడమ చెంపకు ఆనించి, "మెల్లగా ఇటు నెట్టండి" అన్నారు. నేను నెడుతున్నా ఆ చెయ్యి కదలలేదు. 5 సెకన్లు గడిచాక వదిలేయమన్నారు. కండరం సడలగానే తల ఇంకాస్త తిరిగింది. ఆ కొత్త హద్దు దగ్గర మళ్లీ అదే. పనంతా నా కండరమే చేసింది, అదీ నొప్పి లేకుండా!

ఆస్టియోపతికి ఆద్యుడు అమెరికా వైద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్. 1864లో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ఆయన పిల్లల్ని ముగ్గురిని పొట్టన పెట్టుకుంది. అప్పటి మందుల మీద విశ్వాసం పోయి, 1874లో ఆస్టియోపతిని ప్రకటించారు. 1892లో మిస్సోరిలోని కిర్క్స్‌విల్‌లో కళాశాల తెరిచారు. ఆ తండ్రి దుఃఖం నాకు అర్థమవుతుంది. కానీ రోగాలన్నిటికీ మూలం ఎముకల అమరికలో ఉందన్న ఆయన నమ్మకాన్ని మాత్రం ఒప్పుకోలేను. నడుము నొప్పికి ఈ చికిత్స కొంత మేలు చేస్తుందనడానికి ఆధారాలున్నాయి. పుర్రె ఎముకల్ని తాకి లోపలి లయను సరిచేస్తామనే పద్ధతికి గట్టి ఆధారం లేదు.

వెళ్లే ముందు అవతలివారి అర్హత కనుక్కోండి. ఈ రంగంలో అమెరికాలో డి.ఓ. (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) పట్టా ఉన్నవారు మందులు రాసే, శస్త్రచికిత్సలు చేసే పూర్తిస్థాయి డాక్టర్లు. బ్రిటన్‌లో ఇది వేరే వృత్తి, 1993 నాటి చట్టం కింద నమోదు తప్పనిసరి. ఎముకలు గుల్లబారినవారు ఆ సంగతి ముందే చెప్పాలి. మెడను విసురుగా తిప్పితే అరుదుగానైనా రక్తనాళం చీలే ప్రమాదం ఉంది. అలా తిప్పుతామంటే వద్దనండి, నెమ్మదైన పద్ధతి అడగండి.