అమ్మమ్మగారి ఊరికి చందాలు అడిగి వెళ్ళాలా?

"అమ్మా, ఆ పిల్లల్లో సగం మంది నాకు కజిన్సే. మన చుట్టాలింటికి మనం వెళ్ళడానికి పక్కింటివాళ్ళని డబ్బులడగాలా?" అన్నాడు మా పెద్దాడు.

మేం విదేశంలో ఉంటాం. అక్కడి మా చర్చి యూత్ గ్రూపు మిషన్ ట్రిప్పుకి, అంటే చర్చి తరఫున చేసే సేవా యాత్రకి, ఒంగోలు వైపు వెళ్ళేట్టు చేసింది నేనే. కమిటీలో కూర్చుని, మద్దిపాడు దగ్గర మా పుట్టింటి పాలెం అయితే భోజనాల దగ్గర్నుంచి అన్నీ నేను చూసుకుంటానని ఒప్పించాను. ట్రిప్పుకి వచ్చే ప్రతి పిల్లా పిల్లాడూ తెలిసినవాళ్ళకి ఉత్తరాలు రాసి ఖర్చులకి చందా పోగేసుకోవాలి. నమూనా ఉత్తరం చర్చివాళ్ళే ఇస్తారు. అందులో 'ఇండియాలోని పేద పిల్లలకు సేవ చేయడానికి' అన్న చోట వీడు ఆగిపోయాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. వాడన్నదాంట్లో తప్పుండి కాదు, నా లెక్క బయటపడిపోయినందుకు. టికెట్ల ఖర్చు కలిసొస్తుంది, పిల్లలకి అమ్మమ్మని చూపించినట్టూ ఉంటుంది, దేవుని పని చేసినట్టూ ఉంటుంది. లోకమంతా ఒక్క దెబ్బకి రెండు పిట్టలంటే నేను మూడు కొడదామనుకున్నాను.

వాణ్ణి ఒప్పించడానికి క్లౌ దొర కథ ఎత్తుకున్నాను. మా వైపు ఏ ముసలమ్మనడిగినా చెప్తుంది. 1876లో మొదలైన కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఒంగోలు మిషన్‌లో ఉన్న జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వచ్చినవాళ్ళకి పనిచ్చి కూలిచ్చాడు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ మాత్రం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా తాతకి తాత ఆ కాలవ పనికి పోయాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన నీళ్ళలో దిగింది ఆ రోజా, మర్నాడా అన్నదాని మీద మా పెద్దమ్మకీ మేనత్తకీ ఇప్పటికీ పడదు.

అంతా విని మావాడు, "ఆయన పనిచ్చాడు, కూలిచ్చాడు. మనం బ్యాగులిచ్చి ఫోటో తీసుకుంటాం. అంతేగా?" అన్నాడు. చరిత్ర చెప్పి పిల్లల నోరు మూయిద్దామనుకునే తల్లిదండ్రులకి నాదొక సలహా: ముందు ఆ చరిత్ర మీరు ఇంకోసారి వినండి.

చివరికి వాడు ఉత్తరం రాయలేదు, మా డబ్బులతోనే వచ్చాడు. మా చిన్నది మాత్రం రాసింది, టీమ్ టీషర్టు కూడా వేసుకుంది. "టీమ్‌తో వస్తే నాకు ఫ్రెండ్స్ ఉంటారు. ఉత్తినే వస్తే అందరూ నా తెలుగుకి నవ్వుతారు" అంది. అదీ కాదనలేకపోయాను. ఎండాకాలం సెలవులకి తీసుకొచ్చి, తెలుగు మాట్లాడమని వెంటపడి నవ్వులపాలు చేసింది ఎవరు మరి?

కాగితాల పని ఇంకో తలనొప్పి. మా పిల్లలవి ఓసీఐ కార్డులు, అంటే విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకి ఇచ్చేవి. మత ప్రచారం చెయ్యాలంటే ఓసీఐ ఉన్నవాళ్ళకి కూడా ప్రత్యేక అనుమతి కావాలని 2021 మార్చి నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. ఈ-టూరిస్టు వీసా మీద వచ్చే మిగతా పిల్లలు డబ్బు తీసుకోకుండా నెల లోపు స్వచ్ఛంద సేవ చేయొచ్చుగానీ, ప్రచారానికి మిషనరీ వీసా వేరే. అందుకని వాక్యం చెప్పేది ఊళ్ళో పాస్టరుగారు. ఆటలు, క్రాఫ్టు, సండే స్కూలు గదికి రంగులు మావాళ్ళు అని పంచుకున్నాం. మరి పాటలో? పాటలు ఎటు వస్తాయో నేను ఎవర్నీ అడగలేదు. హోంవర్క్‌లో చిన్న అబద్ధమాడితే గంటసేపు క్లాసు పీకే మనిషిని నేను.

మేముండే చోట స్కూళ్ళు మూసేదే మే ఆఖర్లో. మేం దిగేసరికి రోహిణి కార్తె. క్రాఫ్టు కోసం మోసుకొచ్చిన క్రేయాన్లు కార్లోనే మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయాయి. వీబీఎస్ (సెలవుల్లో చర్చిలో పిల్లలకి పెట్టే బైబిల్ క్లాసులు) పాటలకి యాక్షన్ నేర్పుదామని నిలబడ్డ మా టీమ్‌కి పాలెం పిల్లలే ఎదురు నేర్పించారు. ఒక బుడ్డోడు మా చిన్నదాన్ని, "అక్కా, మీ ఊళ్ళో కూడా వీబీఎస్ పెడతారా?" అని జాలిగా అడిగాడు.

రంగుల సంగతి మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. మా పెదనాన్న కొడుకు పెయింటరు. ఆ గది వాడికి రెండు రోజుల కూలి. వాడు వేపచెట్టు కింద నిలబడి, మా పిల్లలు రోలర్లు పట్టుకుని గోడకీ గచ్చుకీ సమానంగా రంగు పూస్తుంటే చూస్తూ ఉన్నాడు. ఏమీ అనలేదు. సాయంత్రం బస్సు టీమ్‌ని ఒంగోలు హోటలుకి తీసుకెళ్ళాక నిచ్చెన తెచ్చుకుని, లప్పం పెట్టని పగుళ్ళకి లప్పం పెట్టి, మళ్ళీ మొదట్నుంచీ ఇంకో కోటు వేశాడు. నిచ్చెన పట్టుకుంది మావాడు. "మామయ్యా, నిన్నే పిలవాల్సింది కదా" అన్నాడట. "పిలిస్తే మీరెందుకు వస్తార్రా?" అన్నాడట వాడు.

వాడి చేతిలో డబ్బులు పెట్టబోతే తీసుకోలేదు. దేవుడి గదికి నువ్వు కూలిచ్చేదేంటక్కా అన్నాడు. అట్లాంటప్పుడు మేం వచ్చింది ఎవరికి మేలు చేయడానికి? మా పిల్లలకే అనుకుంటే చుట్టపుచూపుగా వస్తే సరిపోయేది. పాలెం వాళ్ళకంటే, పాస్టరుగారు మొదట్నుంచీ అడుగుతున్నది ఒక ఇన్వర్టరు. అదీ కొనిచ్చాను, కాదనను. కొనిచ్చి, దాని పక్కన నిలబెట్టి ఆయన్ని ఫోటో కూడా తీశాను.

మా అమ్మకి ఇవేమీ పట్టవు. మనవలు ఏ చొక్కా వేసుకొస్తేనేం, వచ్చారు, తిన్నారు, అంతే. టీమ్ మొత్తానికి గోంగూర పచ్చడి కారం తగ్గించి చేసింది. అయినా వాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగితే, మన ఊరంటే ఎంత ప్రేమో చూశావా అంది నాతో.

వచ్చే ఏడాది ట్రిప్పు గ్వాటెమాలాకట. అందరికంటే ముందు పేరిచ్చింది మా పెద్దాడే.

"అదేంట్రా, పెద్ద పెద్ద మాటలన్నీ మాట్లాడి?" అన్నాను.

"అక్కడ నాకు కజిన్స్ ఎవరూ లేరు కదమ్మా" అన్నాడు.

అక్కడి పిల్లలూ ఎవరో ఒకరికి కజిన్సేరా అనబోయాను. అంటే, మరి నువ్వెందుకు ఒంగోలు పెట్టించావంటాడు. నోరు మూసుకుని డిపాజిట్ కట్టేశాను.