ఫైలు నిండా నార్మల్ రిపోర్టులే

ఇప్పుడు బాగానే ఉన్నా కాబట్టి రాస్తున్నా, అప్పట్లో అయితే ఎవరైనా మెసేజ్ పెడితే "సరే" అని టైప్ చేయడానికి కూడా ఓపిక ఉండేది కాదు. ఒంగోలు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. నాకొచ్చింది డిప్రెషన్ అని తేలడానికి ఏడాది పైనే పట్టింది. ఆ ఏడాదంతా నేను ఇంట్లో మంచమెక్కి కూర్చోలేదండీ, హాస్పిటళ్ళ చుట్టూనే తిరిగా. కోపమంతా అక్కడే.

మొదట కడుపులో మంట, తర్వాత గుండె దడ, మెడ వెనక లాగినట్టు ఉండటం, అన్నం సయించకపోవడం. రాత్రి ఎప్పుడు పడుకున్నా తెల్లవారుజాము మూడింటికల్లా మెలకువ వచ్చేసేది, ఇక నిద్ర పట్టేది కాదు. క్లాసులో బోర్డు మీద సగం లెక్క చేసి తర్వాతి స్టెప్ ఏంటో తట్టక చాక్‌పీసు పట్టుకుని అలా నిలబడిపోయేవాణ్ణి, ముందు బెంచీలో పిల్ల ఒకమ్మాయి మెల్లగా "సార్, ఎక్స్ కామన్ తీయాలి" అని అందించేది. పాపం ఎవరికీ చెప్పలేదు ఆ పిల్ల.

మా ఊరి ఆర్‌ఎంపీ బలానికి సెలైన్ ఎక్కించాడు. కడుపు డాక్టర్ ఎండోస్కోపీ చేశాడు, గుండె డాక్టర్ ఈసీజీ, ఎకో, టీఎంటీ అన్నీ చేయించాడు, మెడనొప్పి అంటే ఎంఆర్ఐ. థైరాయిడ్, బీ12, డీ విటమిన్, అవీ అయ్యాయి. థైరాయిడ్ చూడటం కరెక్టే, అది తక్కువున్నా ఇలాగే నీరసంగా ఉంటుందట. ప్రతిచోటా రిపోర్ట్ నార్మల్, ప్రతిచోటా గ్యాస్ బిళ్ళలు, విటమిన్ బిళ్ళలు, ప్రతిచోటా "టెన్షన్ పెట్టుకోకండి సార్". టెన్షన్ దేనికి, ఎన్నాళ్ళుగా నిద్ర లేదు అని మాత్రం ఒక్కరూ అడగలేదు. బయట టోకెన్లు పట్టుకుని నలభై మంది కూర్చుని ఉంటే ఏం అడుగుతార్లే అని కూడా అనిపిస్తుంది ఒక్కోసారి, మళ్ళీ ఎంఆర్ఐ రాయడానికి టైమ్ ఉందిగా అనిపిస్తుంది.

ఆ రాత్రి సంగతి చెప్తా. ఒంటిగంట దాటాక ఛాతీ పట్టేసి ఊపిరాడనట్టయింది, చెమటలు. మా ఆవిడ పక్కింటి వాళ్ళని లేపి ఆటోలో క్యాజువాలిటీకి తీసుకెళ్ళింది. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, కాసేపటికి డ్యూటీ డాక్టర్ వచ్చి నన్ను కాదు, మా ఆవిణ్ణి చూసి నవ్వుతూ "ఏం లేదమ్మా, హార్ట్ సూపర్‌గా ఉంది, మీ ఆయనకి పని తక్కువ ఆలోచన ఎక్కువ" అన్నాడు. నర్సమ్మ కూడా నవ్వింది. మా ఆవిడ దండం పెట్టింది ఆయనకి. నేను మాత్రం ఆ బెడ్ మీద ఈసీజీకి పూసిన జెల్ కూడా తుడుచుకోకుండా అటు తిరిగి ఏడ్చా. ఎందుకో తెలుసా, గుండె బాగుందని విన్నాక నాకు నిరాశగా అనిపించింది. హార్ట్ ఎటాక్ అయితే బాగుండేది, ఎవరికీ మాట రాకుండా అయిపోయేది అనుకున్నా. అనుకున్నాక నా మీద నాకే భయం వేసింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మా ఆవిడతో ఆ మాట అనేశా, ఆటో చప్పుడులో వినపడలేదేమో అనుకున్నా గానీ విన్నది. ఏమీ అనలేదు, ఇంటికొచ్చి గుమ్మానికి తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకుని తెల్లారేదాకా నా మంచం పక్కన కింద కూర్చుంది.

పొద్దున వంటింట్లోంచి ఫోన్ చేసింది 14416కి. టెలీమానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ళకి ఫోన్‌లో సాయం చేసే లైన్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో పెట్టింది, డబ్బులేం తీసుకోరు. కాసేపు తను మాట్లాడి ఫోన్ నాకిచ్చింది. అవతల ఎవరో అమ్మాయి, తెలుగులోనే, "చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అండీ" అని సూటిగా అడిగింది. ఆ ఏడాదిలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి. అవునన్నా. అలా అడిగితే ఆలోచన లేనివాడికి కూడా వస్తుందని మనవాళ్ళు భయపడతారు గానీ నాకైతే నెత్తిమీద బరువు దించినట్టయింది. ఇంట్లో ఒంటరిగా వదలొద్దని మా ఆవిడకి చెప్పి, ఇవాళే పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్ళమంది.

అక్కడ వరండాలో ఆడవాళ్ళు చున్నీ, మగవాళ్ళు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. మా స్కూల్ పిల్లాడి నాన్న కనపడ్డాడు, ఇద్దరం చూడనట్టు కాసేపు నటించాం, చివరికి ఆయనే "మీరు గూడా నిద్రకేనా సార్" అన్నాడు. "ఆ, నిద్రకే" అన్నా. లోపల చిన్న వయసు డాక్టరమ్మ నా లావుపాటి ఫైలు తిరగేసి పక్కన పెట్టి, తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి తీసి నిద్ర, ఆకలి, ఆసక్తి, చావు ఆలోచన అన్నీ అడిగింది. డిప్రెషన్ అండీ, తగ్గుతుంది అంది. ఎస్సిటలోప్రామ్ రాసింది, మొదటి వారం కడుపు తిప్పొచ్చు, కంగారు పెరగొచ్చు, గుణం కనపడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మీ అంతట మీరు ఆపొద్దు, ఆ ఆలోచన మళ్ళీ వస్తే అర్ధరాత్రయినా రండి అని ఒక్కొక్కటే చెప్పింది. బిళ్ళలు మా ఆవిడ చేతికిచ్చి దగ్గర పెట్టుకోమంది. ఆమె చెప్పినట్టే కడుపు తిప్పింది, ముందే చెప్పింది కాబట్టి భయపడలేదు.

ఇక ఇంట్లో గొడవ మొదలు. ఎంఆర్ఐకి వేలు కట్టినప్పుడు ఎవరూ మాట్లాడలేదు, మా బావే గూగుల్ పే చేశాడు పాపం. ఆ బావే ఈ బిళ్ళలు చూసి "పిచ్చి మందులురా, అలవాటైపోతయ్, రోజూ వాకింగ్ చెయ్, చాలు" అన్నాడు. లీవు కోసం సర్టిఫికెట్ ఇస్తే ఆఫీసులో గుమాస్తా దాన్ని నలుగురిలో పైకి చదివి "ఏం సార్, మీకు కూడానా" అన్నాడు. అదే కామెర్లు అని రాసుంటే లోపలికి పిలిచి మజ్జిగిచ్చేవాడు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం మనసు జబ్బుని ఒంటి జబ్బుతో సమానంగా చూడాలి, ఇన్సూరెన్స్ కూడా అలాగే ఇవ్వాలి అంటుంది. గుమాస్తా నవ్వుకి చట్టం ఏముంది.

తర్వాత చదివా, బెంగళూరులో మానసిక వైద్యానికి పేరున్న ఆసుపత్రి నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం డిప్రెషన్, ఆందోళన లాంటి తరచూ వచ్చే మానసిక సమస్యలున్న వాళ్ళలో నూటికి ఎనభై మందికి పైగా వైద్యం అందట్లేదట. వైద్యం అందనివాడు అంటే ఆసుపత్రి మొహం చూడనివాడు అనుకుంటాం కదా. నన్ను చూడండి, ఫైలు నిండా బిల్లులతో, ప్రతి స్పెషలిస్టు దగ్గరా టోకెన్ తీసుకుని కూడా ఆ ఎనభైలోనే ఉన్నా.

నెల దాటాక ఒకరోజు చారు వాసనకి ఆకలేసింది. అప్పుడు అనుకున్నా పని చేస్తుందని. మా అమ్మ మాత్రం మాలకొండ నరసింహస్వామికి మొక్కుకున్నాకే తగ్గిందంటుంది. ఆ గుడి శనివారమే తెరుస్తారు, స్కూల్ ఎగ్గొట్టి మరీ తీసుకెళ్ళా, స్వామి దయ లేకుండా ఆటోలో ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చింది అని నాకూ అనిపిస్తుంది. అమ్మ మొక్కూ జరిగింది, బిళ్ళా నడుస్తోంది. బాగైన తర్వాత కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలని డాక్టరమ్మ చెప్పింది, తగ్గించేటప్పుడు కూడా ఆమే కొంచెం కొంచెంగా తగ్గిస్తుందట. బావ ఇప్పటికీ అడుగుతాడు ఇంకా ఆపలేదా అని, బీపీ బిళ్ళ నువ్వు ఆపావా అంటే మాట మారుస్తాడు.

ఎవరైనా ఇలా రిపోర్టులన్నీ నార్మల్ వచ్చి తిరుగుతుంటే గుండె, థైరాయిడ్ ఒకసారి చూపించుకోండి, వద్దనను. ఆ తర్వాత సైకియాట్రీ ఓపీకి కూడా ఒకసారి వెళ్ళండి. పాత ఫైలు తీసుకెళ్ళండి, చేసిన టెస్టే మళ్ళీ చేయరు. తోడెళ్ళిన వాళ్ళు కాసేపు బయట కూర్చోండి, మనిషి చెప్పుకోనివ్వండి. చావు ఆలోచనలు వస్తుంటే మాత్రం ఓపీ రోజు దాకా ఆగొద్దు, వెంటనే పక్కన ఒక మనిషిని పెట్టుకుని 14416కి చేయండి, పగలైనా రాత్రైనా ఎత్తుతారు. లైన్ కలవకపోతే మళ్ళీ చేయండి, మా ఆవిడకి కూడా మొదటిసారే కలవలేదు.