వీస్ పచ్చికలో కొరడా దెబ్బల ప్రభువు

జర్మనీలోని వీస్ అనే చోట ఉన్న క్యాథలిక్ గుడి ముంగిటి దాకా బస్సు వెళ్తుంది. అయినా నేను ముందే వచ్చే ష్టైన్‌గాడెన్ ఊళ్లోనే దిగిపోయాను. గుణదల మాత కొండ ఎక్కేటప్పుడు అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేది. ఆమె ఆరోగ్యం కోసం మొక్కుకుని వచ్చినవాణ్ణి, ఆ ఐదు కిలోమీటర్లైనా నడవకపోతే ఎలా? చిత్తడి నేల మీద పరిచిన చెక్క పలకల మీదుగా సాగింది దారి. జర్మన్‌లో వీస్ అంటే పచ్చిక బయలు. ఆవుల మెడల్లో గంటలు వినిపిస్తుంటే, బవేరియా కొండల ముందు తెల్లటి గుడి కనబడింది.

1730లో ష్టైన్‌గాడెన్ మఠంలో గుడ్‌ఫ్రైడే ఊరేగింపు కోసం కొరడా దెబ్బలు తిన్న క్రీస్తు ప్రతిమను సిద్ధం చేశారు. పాత చెక్క బొమ్మల ముక్కలు కలిపి, అతుకుల మీద నారబట్ట చుట్టి, రంగులు వేసి, తలకు నిజమైన జుట్టు పెట్టారు. కొన్నేళ్లు ఊరేగించి పక్కన పెట్టేశారు. 1738లో మరియా లోరీ అనే రైతు ఇల్లాలు దాన్ని వీస్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది. జూన్ 14న ఆ ప్రతిమ కళ్లలో ఆమెకు కన్నీళ్లు కనిపించాయి. ఇక జనం ఆగలేదు. 1740లో కట్టిన చిన్న మందిరం వారికి చాలలేదు.

ఇప్పుడున్న గుడిని 1745 నుంచి 1754 వరకు డొమినికుస్ జిమ్మర్‌మన్ కట్టాడు. పైకప్పు మీది చిత్రాలు ఆయన అన్న యోహాన్ బాప్టిస్ట్ వేశాడు. యూరప్‌లో ఆడంబరమైన బరోక్ కళాశైలి చివరి దశలో పుట్టిన రొకోకో శైలి ఇది. లోపల అడుగుపెట్టగానే తల దానంతట అదే పైకి లేచింది. అండాకారపు మండపం, జంట స్తంభాలు, ఎటు చూసినా వెలుగు. ఎత్తైన గుమ్మటంలా కనిపించే ఆ కప్పు నిజానికి దాదాపు చదునైనది; చెక్క బద్దల మీద సున్నం మెత్తి చేసిన పని. ఆ కప్పు మీది చిత్రంలో ఇంద్రధనుస్సు మీద క్రీస్తు కూర్చున్నాడు. తీర్పు సింహాసనం మాత్రం ఇంకా ఖాళీగా ఉంది. దానికి ఎదురుగా, ప్రవేశం వైపు, నిత్యత్వపు ద్వారం మూసి ఉంది. తీర్పుకు ముందు ఇంకా గడువు ఉందని ఇంత దయగా చెప్పిన చిత్రాన్ని నేను ఎక్కడా చూడలేదు.

బలిపీఠం వైపు వెళ్లాను. అక్కడ ఎరుపు క్రీస్తు రక్తానికి, నీలం పరలోకానికి గుర్తులంటారు. ఇంత బంగారం మధ్య ఆ ప్రతిమలోని క్రీస్తు మాత్రం గొలుసులతో, గాయాలతో, నిస్సహాయంగా నిలబడి ఉన్నాడు. చెదిరిన ఆ జుట్టు చూడగానే నాకు ఆసుపత్రి మంచం మీది అమ్మ గుర్తొచ్చింది. అనుకున్న ప్రార్థన ఒక్కటీ నోటికి రాలేదు.

1803 ప్రాంతంలో మఠాల ఆస్తులు ప్రభుత్వపరమైనప్పుడు ఈ గుడిని కూల్చేయాలనుకుంటే, చుట్టుపక్కల రైతులే అడ్డుపడి కాపాడుకున్నారు. యునెస్కో గుర్తింపు 1983లో వచ్చింది. జిమ్మర్‌మన్ గుడి పూర్తయ్యాక కూడా వీస్ వదిలి వెళ్లలేదు. పక్కనే ఇల్లు కట్టుకుని, 1766లో అక్కడే కన్నుమూశాడు.

తిరుగు బస్సుకు ఇంకా గంట వ్యవధి ఉంది. మళ్లీ లోపలికి వెళ్లి, ఆ క్రీస్తు ముఖం కనిపించే బల్ల మీద కూర్చున్నాను.