పదకొండో నిమిషం గొంతు ఇంకా వినబడట్లేదు

ద్రాక్షతోట పాట మళ్ళీ బెడిసికొట్టింది. ఆల్బమ్‌లో మిగతావన్నీ ఒక దారికి వస్తున్నాయి. పోయిన నాణెం పాట అయిపోయింది: స్టీలు పళ్ళెంలో పది రూపాయల బిళ్ళ తిప్పి, అది ఆగేలోపు చరణం ముగించాను, బాగా కుదిరింది. తప్పిపోయిన కుమారుడి అన్న పాడే పాటకు గిటార్ ఒక్కటే సరిపోయింది. ఇది మాత్రం ప్రాణం తీస్తోంది.

యేసు చెప్పిన ఉపమానాల్లో పక్కన నిలబడిపోయే మనుషుల చేత పాడించడమే ఈ ఆల్బమ్ సంగతి. మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని తెల్లవారగానే కొందరిని కూలికి పిలుస్తాడు. తర్వాత తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి, ఆఖరికి సాయంత్రం ఐదింటికి ఇంకొందరిని. అందరికీ తలా ఒక దేనారమే, అంటే ఒక రోజు కూలి నాణెం. పన్నెండు గంటల పనిదినం కాబట్టి పాట పన్నెండు నిమిషాలు. గొంతులు 0, 3, 6, 9, 11 నిమిషాల దగ్గర ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. ఐదూ నావే. లయ నిమిషానికి 60, తాళం రూపకం. ఎనిమిది దెబ్బల ఆది తాళమైతే మూడు నిమిషాలకు ఇరవై రెండున్నర ఆవర్తనాలు పడి, కొత్త గొంతు చేరేచోట సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) తప్పుతుంది, ఆరు దెబ్బల రూపకంలో సరిగ్గా 30. ఇక నియమం ఒక్కటే: కూలి సమానం గనుక ఐదు ఫేడర్లూ (ఒక్కో గొంతు మోత పెంచి తగ్గించే మీటలు) ఒకే అంకె మీద ఉండాలి.

ఆ నియమమే కొంప ముంచుతోంది. ఒక్కో గొంతునూ విడిగా, చెవికి ఎంత మోతగా అనిపిస్తుందో చెప్పే కొలతలో, -23 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి తెచ్చాను. సమానమైన నాలుగు గొంతులు కలిస్తే ఒక్కదానికన్నా 6 డీబీ (డెసిబెల్) ఎక్కువ. అంటే ఐదోవాడు నోరు తెరవకముందే 6 డీబీ కిందున్నాడు. అతను చేరినందుకు మొత్తం పెరిగేది లెక్క ప్రకారం ఒక్క డీబీ, నా మీటర్లో 0.9 చూపించింది. (మీటర్ యూలీన్ వాళ్ళది, ఉచిత వెర్షన్. ఈ పనికి డబ్బు పెట్టి వేరేది కొనడం దండగ.) కొత్త మనిషి వచ్చాడని చెవికి తెలియడానికి ఒక్క డీబీ ఏ మూలకు?

ఐదోదాన్ని 3 డీబీ పెంచి చూశాను. వినబడింది. కానీ మొదటి గొంతు ఉన్నట్టుండి చిన్నబోయింది, పొద్దుటి నుంచి ఎండలో పనిచేసినవాడు సణుక్కుంటున్నట్టే. కథకు అది బాగానే ఉంది గానీ నియమం పోయింది, తీసేశాను. తెలిసిన స్టూడియో అబ్బాయి "ఫేడర్ లేపేయండి సార్, ఎవడు చూస్తాడు" అన్నాడు. నేను చూస్తాను కదా!

స్టీరియోలో నలుగురినీ ఎడమకూ కుడికీ జరిపి ఐదోవాణ్ణి మధ్యలో ఉంచితే హెడ్‌ఫోన్లో చక్కగా తేలాడు. ఫోన్ స్పీకర్లో మళ్ళీ మునిగాడు. మనవాళ్ళు వినేది ఫోన్లోనే. మిగతా నాలుగింటిలో 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డీబీ తగ్గిస్తే కొంత నయం, కానీ అవి పక్క గదిలోంచి పాడుతున్నట్టయ్యాయి.

తర్వాత హార్మోనియం మీద అనుమానం వచ్చింది. శ్రుతి ఒకటిన్నర (సి షార్ప్), రాగం మోహన. చివరి మూడు నిమిషాలూ దాని మీద గాంధారం ('గ' స్వరం) పట్టి ఉంచాను. హార్మోనియం మీద అది 174.6 హెర్ట్జ్. తంబుర వింటూ నా గొంతు తనంతట తాను నిలిచేది 173.2 దగ్గర. ఐదు గొంతుల్లో రెండు హార్మోనియం పక్షం చేరాయి, మూడు తంబుర పక్షం. రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుని శబ్దం సెకనుకు ఒకటిన్నర సార్లు దాకా ఊగుతోంది. తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు 19వ శతాబ్దంలో కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలు ఇప్పుడు చర్చిల్లో కీబోర్డు మీద వింటుంటే గాంధారం గుచ్చుకునేది ఇందుకే. గాంధారం రీడు వదిలేశాక పాట మొత్తం తేటపడింది. ఐదోవాడు మాత్రం తేలలేదు.

కాస్త ఫలించింది సాహిత్యంలో చేసిన మార్పు. అతని మొదటి మాట "ఎవరూ పిలవలేదు". అప్పటికి మిగతా నలుగురూ అచ్చు మీద గొంతు సాగదీస్తున్నారు, ఇతనూ అచ్చుతోనే వస్తే అందులో కలిసిపోతున్నాడు. "పిలవలేదెవరూ" అని తిప్పాను. 'పి' దగ్గర పెదవులు విడిన చప్పుడు టక్కున బయటికొచ్చింది, ఫేడర్ ముట్టకుండానే. రెండు సెకన్లు నిలిచాడు, ఆ తర్వాత మళ్ళీ గల్లంతు.

మిగిలిన అనుమానం ఒక్కటే. ఐదూ ఒకే గొంతు, ఒకే నోరు, ఒకే మైకు. ఏ పౌనఃపున్యం దగ్గర బలమో ఐదింటికీ అక్కడే బలం. మైకు సంగతికొస్తే, విశాఖలో మా జ్ఞానాపురం ఇంట్లో ఏటీ2020 లాంటి సున్నితమైన కండెన్సర్ మైకు పెడితే కాన్వెంట్ జంక్షన్ లారీలన్నీ పాటలోకొస్తాయి. ఫోమ్ అంటించని గదికి ఎస్‌ఎం58నే మేలంటాను, ఎవరేమన్నా సరే. ఫ్యాన్ ఆపితే ఈ ఉక్కపోతలో రెండో చరణానికే చొక్కా తడిసిపోతోంది, అది వేరే సంగతి.

అందుకని ఐదో గొంతు మా పెద్దమ్మ చేత పాడించబోతున్నాను. ఆవిడ శ్రుతి ఐదున్నర, నా ఒకటిన్నరకు పంచమం సరిగ్గా అక్కడే. అడిగితే "ఏట్రా, పదకొండు నిమిషాలు ఊరికే కూసోబెట్టి ఒక్క నిమిషం పాడమంటావేటి?" అంది. హెడ్‌ఫోన్ పెట్టుకోనంటోంది కాబట్టి ఒక్క చెవికి ఇయర్‌ఫోన్ ఇస్తాను, అందులో తంబుర, నా మొదటి గొంతు మాత్రమే. ఆవిడదీ -23కే తెస్తాను, ఫేడర్ అదే అంకె మీద ఉంటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాలకు ముందే రికార్డింగ్. తిన్నాక ఆవిడ పాడదు.

ఇది తేలేదాకా పూటకూళ్ళవాడి పాట మొదలుపెట్టను. మంచి సమరయుడు గాయపడినవాణ్ణి చూసుకొమ్మని రెండు దేనారాలిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చాక ఇస్తానని వెళ్ళిపోయాక ఇతను పద్దు రాసుకుంటూ పాడేది. దానికి రాస్ హిల్ మేరీమాత చర్చి మెట్ల దగ్గర నుంచి హార్బర్ ఓడల హారన్ పట్టాలి. జూమ్ హెచ్1ఎన్ రికార్డర్ ఉంది. ఫోమ్ తొడుగు ఆ గాలికి ఆగదు, ముందు బొచ్చు తొడుగు కొనాలి.