ప్రత్యేక సేకరణలకు ఆర్కైవిస్టు ఎందుకు కావాలి

చెన్నైలో ఉంటూ పాత తెలుగు పుస్తకాల కోసం, పత్రికల కోసం గ్రంథాలయాలకు తిరిగేవారికి ఒక తేడా త్వరలోనే తెలిసివస్తుంది. అచ్చయిన పుస్తకం కావాలంటే రచయిత పేరో పుస్తకం పేరో చెబితే చాలు. ఒక పండితుడి ఉత్తరాలో, ఒక ముద్రణాలయం లెక్కల పుస్తకాలో, ఒక కుటుంబం తరతరాలుగా దాచుకున్న తాటాకు కట్టలో కావలసివచ్చినప్పుడు మాత్రం, అవి ఎక్కడున్నాయో, ఎవరి నుంచి వచ్చాయో చెప్పగల మనిషి అక్కడ ఉండాలి. ఇలాంటి ప్రత్యేక సేకరణలను చూసుకునే ఆ మనిషి ఆర్కైవిస్టుగా, అంటే పాత కాగితాలను, లిఖిత ప్రతులను వరుస చెడకుండా భద్రపరిచి పట్టికలు రాసే నిపుణుడిగా, తర్ఫీదు పొందినవారై ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అచ్చు పుస్తకానికి వందల ప్రతులుంటాయి. ఒకటి పోయినా మరొకటి దొరకవచ్చు. ఉత్తరం ఒక్కటే ఉంటుంది, పైగా దాని అర్థంలో సగం దాని పక్కనున్న కాగితాల్లో ఉంటుంది. అందుకే ఒకరి నుంచి వచ్చిన కాగితాలను మరొకరి కాగితాలతో కలపకూడదని, సొంతదారు పెట్టుకున్న వరుసను వీలైనంతవరకు చెదరనివ్వకూడదని ఆర్కైవిస్టులు మొదటే నేర్చుకుంటారు. ఇక్కడి ఒక గ్రంథాలయానికి ఒక తెలుగు పండితుడి కుటుంబం ఆయన పుస్తకాలన్నీ అప్పగించింది. సిబ్బంది ఎంతో శ్రద్ధగా వాటిని విషయాల వారీగా విడదీసి అలమరల్లో సర్దారు; పుటల మధ్య దొరికిన చీటీలను, ఉత్తరాలను ఒక సంచిలో వేసి కట్టారు. పుస్తకాలన్నీ ఇప్పటికీ భద్రంగానే ఉన్నాయి, కాని ఏ పుస్తకం చదువుతూ ఆయన ఎవరికి ఏమి రాశారో తెలుసుకునే దారి మూసుకుపోయింది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ సిబ్బందిని తప్పుపట్టలేను. ఆ పని వారికి ఎవరూ నేర్పలేదు.

ఈ నగరంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయం చరిత్ర చూసినా ఇదే అర్థమవుతుంది. దానికి పునాదైన సేకరణల్లో ఒకటి ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీది. ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి కైఫియత్తులు, అంటే స్థానిక చరిత్రలు, రాయించారు. ఏ ఊళ్లో, ఎవరు చెప్పగా రాసుకున్నదో తెలిసినప్పుడే కైఫియత్తు చరిత్రకు పనికివస్తుంది. 1821లో మెకంజీ మరణించాక ఆయన సేకరణను ఈస్టిండియా కంపెనీ కొనుగోలు చేసింది. సంస్కృత పండితుడు హెచ్.హెచ్. విల్సన్ తయారుచేసిన దాని పట్టిక 1828లో వెలువడింది. సేకరణ మాత్రం ఒకచోట నిలవక, కొంత లండన్‌కు, కొంత మద్రాసుకు చేరింది. లండన్‌లో కంపెనీ గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణాది భాషల ప్రతులను సి.పి. బ్రౌన్ గుర్తించి మద్రాసుకు తిరిగి రప్పించాడు. ఒకరి పట్టుదల, ఒకరి పట్టిక లేకపోతే వాటి ఆచూకీ కూడా మనకు మిగిలేది కాదు.

ఇక వస్తువుల సంగతి. సముద్రతీరపు తేమకు బూజు, పురుగు రెండూ త్వరగా పడతాయి. ఎండి పెళుసైన తాటాకుకు నిమ్మగడ్డి నూనె పట్టించి మెత్తబరుస్తారు, గంటపు గీతలు చదవడానికి వీలుగా మసి రుద్దుతారు. అదే నూనె కాగితానికి తగిలితే మరక పడుతుంది. కొయ్యగుజ్జుతో చేసిన వార్తాపత్రిక కాగితం తనలోని ఆమ్లం వల్లనే పసుపెక్కి పొడి అవుతుంది. చిరిగినచోట అంటించిన సెల్లోటేపు కొన్నేళ్లకు ఊడిపోయి, దాని జిగురు మాత్రం అక్షరాల మీద గోధుమరంగు మచ్చగా మిగులుతుంది. ఏ మరమ్మతు చేసినా తర్వాత విప్పడానికి వీలుండాలన్నది తర్ఫీదు ఉన్నవారు వదలని నియమం.

అన్నీ స్కాన్ చేస్తే చాలుననే మాట ఈమధ్య తరచుగా వింటున్నాను. వేల బొమ్మలకు వరుస అంకెలే పేర్లుగా పెట్టి, ఏది ఏ కట్టలోదో రాయకపోతే, చెదిరిన సంచి ఒకటి కంప్యూటర్‌లోకి చేరినట్టే అవుతుంది. మంచి ఉదాహరణ కూడా ఈ ఊళ్లోనే ఉంది. కోట్టయూరుకు చెందిన రోజా ముత్తయ్య 1992లో మరణించాక, ఆయన జీవితమంతా కూడబెట్టిన తమిళ పుస్తకాలను, పత్రికలను, కరపత్రాలను షికాగో విశ్వవిద్యాలయం 1994లో కొన్నది. అయినా వాటిని అమెరికాకు తరలించకుండా చెన్నైకి తెప్పించి, ఇక్కడే ఉంచి, పట్టికలు రాయించి, మైక్రోఫిల్ములు తీయించింది. మద్రాసులో అచ్చయిన తెలుగు సినిమా పాటల పుస్తకాలకు, నాటక కరపత్రాలకు అంతటి శ్రద్ధ దక్కాలని నా కోరిక.

ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) ఈ విద్యలో ఏడాది డిప్లొమా నడుపుతోంది. చదివినవారికి ఉద్యోగాలుండాలి గదా. లైబ్రేరియన్ పోస్టులతో పాటు ప్రత్యేక సేకరణలున్న ప్రతి గ్రంథాలయంలోనూ ఒక ఆర్కైవిస్టు పోస్టు శాశ్వతంగా ఉండాలి. మైలాపూరులో, టి.నగర్‌లో, జార్జిటౌన్‌లో ఇంట్లో పాత కాగితాలున్న తెలుగువారికి నా విన్నపం ఒక్కటే: అప్పగించే ముందు అవి ఉన్న వరుసలోనే ఫొటోలు తీసి, ఏవి ఎవరివో ఒక జాబితా రాసుకోండి, వాటిని విడగొట్టకుండా ఒకే సేకరణగా ఉంచుతామని ఆ గ్రంథాలయం చేత రాతపూర్వకంగా ఒప్పించండి, వాటిని చూసుకోబోయేది ఎవరో, వారు ఏమి చదువుకున్నారో మొహమాటపడకుండా అడగండి.