సింహం, జింక లేకుండా ఆవరణ వ్యవస్థ పాఠం

నాలుగో తరగతి పిల్లల్ని ఆహార గొలుసు గీయమంటే దాదాపు అందరూ గడ్డి, జింక, సింహం గీసి పుస్తకం మూసేస్తారు. తప్పేం లేదు. కానీ "సింహం చచ్చిపోయాక?" అని అడిగితే క్లాసంతా తెల్లముఖం వేస్తుంది. "ఏముంది టీచర్, చచ్చిపోతుంది, అంతే" అన్నాడొకడు. ఆ "అంతే" దగ్గరే అసలు పాఠం ఉంది. అందుకే ఈసారి నేను పైనుంచి కాకుండా కిందనుంచి, రాలిన ఆకుల దగ్గర మొదలుపెట్టాను.

ఆరుబయట నాలుగు పుల్లలు పాతి, దారం కట్టి మీటరు పొడవు, మీటరు వెడల్పు గళ్ళు చేశాం. ఒక గడి చెట్టు కింద ఆకుల మీద, ఒకటి ఎండలో బోడినేల మీద ఉండేలా చూసుకున్నాను. ఒక్కో గడికి ఒక్కో జట్టు, ఒక భూతద్దం, కనిపించినవి రాయడానికి ఒక కాగితం. షరతులు రెండే. చేత్తో ముట్టుకోకూడదు, పుల్లతోనే కదపాలి, ఎందుకంటే ఆకుల కింద జెర్రి ఉండొచ్చు, కుడుతుంది. ఎత్తిన రాయిని మళ్లీ అలాగే పెట్టాలి, దాని కింద ఉన్నవాటికి అదే పైకప్పు.

మా అదృష్టం, రోకలిబండ పురుగూ జెర్రీ రెండూ దొరికాయి. మొదట పిల్లలకి రెండూ ఒకటే. భూతద్దంలో చూస్తే రోకలిబండకి చాలా ఖండాల్లో రెండేసి జతల కాళ్లుంటాయి, జెర్రికి ఖండానికి ఒకటే జత. అన్ని కాళ్లుండీ రోకలిబండ నింపాదిగా నడుస్తుంటే, జెర్రి కంటికి ఆనకుండా పరుగెత్తింది. ఏది ఏం తింటుందో ఊహించమన్నాను. ఒక పాప అంది: "ఆకు ఎక్కడికీ పారిపోదు కదా టీచర్, రోకలిబండకి తొందరెందుకు?" నేను చెప్పాలనుకున్న పది వాక్యాలు ఆ ఒక్క మాటతో అవసరం లేకుండా పోయాయి. జెర్రి వేటాడుతుంది, రోకలిబండ కుళ్లుతున్న ఆకుల్ని తింటుంది.

కాగితాలు చూస్తే అన్నింట్లోనూ ప్రాణులే ఉన్నాయి. తేమ, నీడ, రాయి, వేడి ఎవరూ రాయలేదు. అప్పుడు థర్మామీటరు ఒకసారి ఆకుల కింద, ఒకసారి ఎండలో పెట్టించి, "ఇక్కడ ఇన్ని పురుగులు, అక్కడ ఎందుకు లేవు?" అని వదిలేశాను. బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ టాన్స్‌లీ 1935లో ఆవరణ వ్యవస్థ, అంటే జీవులూ వాటి పరిసరాలూ కలిసిన మొత్తం, అనే భావనను ముందుకు తెచ్చినప్పుడు నొక్కి చెప్పింది కూడా ఇదే: జీవుల్ని వాటి పరిసరాల నుంచి విడదీసి చూడలేం. పేరూ సంవత్సరం పిల్లలకి చెప్పలేదు, అవసరం లేదు. థర్మామీటరు చాలు.

కుళ్లడం చూపించడానికి వారాలు పడుతుంది కాబట్టి సీసాలు ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి. ఒకదాంట్లో తడిమట్టి, ఒకదాంట్లో పొడిమట్టి. రెండింట్లోనూ ఒక ఆకు, ఒక కాగితం ముక్క, ఒక ప్లాస్టిక్ ముక్క. మూత బిగించకుండా గాలి ఆడనివ్వాలి. మాంసం, పాలు లాంటివి మాత్రం వేయొద్దు, క్లాసులో కూర్చోలేరు. తడి సీసాలో ఆకు మెత్తబడి, బూజు పట్టి, చిల్లులు పడుతూ వచ్చింది. పొడి సీసాలో పెద్దగా మార్పు లేదు. "మట్టి తినేసింది" అని తేల్చారు పిల్లలు. మట్టే తినేదైతే పొడిమట్టి ఎందుకు తినలేదని అడిగాక గానీ బూజు మీదికి చూపు పోలేదు. కంటికి కనిపించని బాక్టీరియా కూడా అందులో పనిచేస్తోందని నమ్మించడానికి ఇంకాస్త సమయం పట్టింది.

దీనికి తోడుగా ఇంకో గట్టి నమ్మకం ఉంటుంది: మొక్క మట్టిని తిని పెరుగుతుందని. దానికి పదిహేడో శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ కథ చెప్పాను. ఆయన తూకం వేసిన మట్టిలో ఒక విల్లో మొక్క నాటి, నీళ్లు మాత్రమే పోస్తూ ఐదేళ్లు పెంచాడు. చెట్టు బరువు సుమారు 74 కిలోలు పెరిగింది, మట్టి మాత్రం 60 గ్రాములైనా తగ్గలేదు. ఆ బరువంతా నీళ్లదే అనుకున్నాడాయన. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సంగతి ఆయనకి తట్టలేదు. గాలితో చెట్టు మాను ఏర్పడుతుందంటే పిల్లలు పగలబడి నవ్వారు. నవ్వనివ్వండి, ఆ వయసుకి అది నిజంగానే వింత.

బాణం గుర్తుల గొడవ ప్రతి టీచరుకీ తెలిసిందే. సింహం జింక వైపు పరుగెడుతుంది కాబట్టి బాణం కూడా అటే గీస్తారు. నేను నీళ్లతో ఆడించాను. నీళ్లంటే ఆహారంలోని శక్తి అనుకోవాలి. గడ్డి వేషం వేసిన పిల్లాడి చేతిలో లీటరు నీళ్లు. అది మిడతకి 100 మిల్లీలీటర్లు, మిడత కప్పకి 10, కప్ప పాముకి 1. పాము వేషంలో ఉన్న పిల్లాడు కప్పులోకి చూసి "ఇంతేనా!" అన్నాడు. మిగిలింది ఎటు పోయిందంటే, కదలికల్లో వేడిగా, తినకుండా వదిలేసినదిగా, మలంగా. ఆ చివరి మాటకి నవ్వులు సహజం. పది శాతం అన్నది ఉజ్జాయింపే, ప్రతిచోటా అంతే ఉండదని కూడా చెప్పాలి. నీళ్లు ఎటు వెళ్తే బాణం అటు. మళ్లీ దిద్దాల్సిన అవసరం రాలేదు.

పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో జీవిగా నిలబడి ఒకే దారం పట్టుకునే, అందరూ చేయించే దారపు వల ఆట మీద నాకు కొంచెం అనుమానం ఉంది. ఒకరు లాగితే అందరికీ తగులుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఏ ఒక్క జీవి పోయినా అన్నీ ఒకేలా కూలిపోతాయనే అభిప్రాయం మిగులుతుంది. అది నిజం కాదు. 1960ల్లో జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ పెయిన్ అమెరికా పసిఫిక్ తీరంలో ఒక రాతి భాగం నుంచి సముద్ర నక్షత్రాల్ని తీసేస్తూ పోయాడు. వాటి ఆహారమైన ఆల్చిప్పల జాతి జీవులు రాళ్లంతా ఆక్రమించుకున్నాయి, అక్కడి 15 జాతులు 8కి పడిపోయాయి. ఏ జీవిని తీసేసినా ఇంతే మార్పు వస్తుందని కాదు, కొన్నింటికే ఆ పట్టు ఉంటుంది. ఆట అయ్యాక ఈ సంగతి చెప్పి, ఎవరు దారం వదిలితే ఎక్కువ తేడా వస్తుందో వాళ్లనే వాదించుకోమన్నాను.

పరీక్షలో నిర్వచనాలు అడగలేదు. "ఒక చెరువులో కప్పలన్నీ పోతే ఏమవుతుంది?" అని ఒకటే ప్రశ్న. దోమలు పెరుగుతాయని చాలామంది రాశారు, పాములు తగ్గుతాయని కొందరు. ఒక్కరు మాత్రం "దోమల్ని తినేవి ఆ చెరువులో ఇంకేమున్నాయో తెలియకుండా చెప్పలేను" అని రాశారు. ఎక్కువ మార్కులు ఆ జవాబుకే వేశాను.